వెచ్చటి బీరువాలో ఖైదీ

"ఫోన్ చేసేశాను," అన్నాడు భర్త, వెనకగది గుమ్మంలో నిలబడి.

సానరాయి తిరుగుతూనే ఉంది. దాని మీద సన్నని ధారగా నీళ్ళు పడుతున్నాయి. అద్దాలావిడ చేతిలోని కళ్ళద్దాన్ని రాతి అంచుకు ఆనించి, తల ఎత్తకుండానే అడిగింది.

"ఎవరికి?"

"ల్యాబ్‌కి. ఇంక చాలు, తీసేయండని చెప్పాను. సాయంత్రం తలుపులు వేసేలోగా తీసేస్తామన్నారు."

రాతి అంచున అద్దం చిట్లింది. పెచ్చు ఒకటి ఎగిరి ఆమె మణికట్టు మీద పడింది. ఆమె చేతిలో అద్దం చిట్లడం భర్త అంతకుముందెన్నడూ చూడలేదు. ఆమె మీట నొక్కి రాయిని ఆపింది. ఆగిపోయే ముందు అది ఒకసారి మూలిగింది.

"దేన్ని తీసేస్తారు?"

"తెలిసీ అడుగుతున్నావు."

"మీ నోటితో వినాలని అడుగుతున్నాను."

"దాన్నే. నీ ఖైదీని."

ఆ వీధిలో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవరు. కళ్ళజోళ్ళ దుకాణంలో ముందు కూర్చుని చూపు పరీక్షించేదీ, ఫ్రేములు చూపించి బేరం కుదిర్చేదీ భర్త. వెనకగదిలో అద్దాలు కోసి, అరగదీసి, ఫ్రేముల్లో బిగించేది ఆమె. అందుకని అద్దాలావిడ. ఆవిడ కోసిన అద్దానికి వంక పెట్టినవాడు లేడు. ఆవిడ నోటికి ఎదురువెళ్ళి బాగుపడినవాడూ లేడు.

"ఇస్తామన్నప్పుడు నేనూ సంతకం పెట్టాను," అన్నది. "నన్నడగకుండా ఎలా తీస్తారు?"

"ఇవ్వడానికి ఇద్దరం కావాలి. వద్దనడానికి ఒక్కరు చాలట. అడిగి తెలుసుకున్నాను."

"ఇంత చట్టం ఎప్పుడు చదివారు? కరెంటువాడు వస్తే మీటరెక్కడుందో నన్నడుగుతారే!"

"వెటకారం ఆపు. నిన్న సమావేశంలో నువ్వు మాట్లాడినదంతా అమ్మ విన్నది. అప్పటినుంచీ ముద్ద ముట్టలేదు."

"వినాలనే మాట్లాడాను."

"ఏమిటీ?"

"తలుపు పక్కన నిలబడి ఉండడం చూశాను. చూసే గొంతు పెంచాను."

భర్త ఆమె ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళుగా ఎందరెందరి కళ్ళలోకో దీపం వేసి చూసిన మనిషి. ఆ కళ్ళలో మాత్రం ఆయనకు ఆ క్షణాన ఏమీ కనబడలేదు.

నిన్నటి సమావేశం పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళది. వాళ్ళందరి పిల్లల్నీ ఒకే జబ్బు తీసుకుపోయింది: మెదడు మొదలులో, ఏ డాక్టరూ కత్తి పెట్టలేని చోట, లక్షల్లో ఒక పిల్లకు మొలిచే కణితి. దానికి మందు లేదు. మందు కనిపెట్టాలంటే ఆ కణితే కావాలి. అందుకని ఆ తల్లిదండ్రులు, బిడ్డలు కన్నుమూసిన ఘడియల్లోనే, ఏ తల్లిదండ్రులకూ ఇవ్వవలసిన గతి పట్టకూడని దానాన్ని, ఆ కణితి ముక్కనే, ల్యాబ్‌కి ఇచ్చారు. ఇచ్చినవాటిలో చాలావరకు ల్యాబ్‌లో బతకలేదు. పిచ్చుకను చంపింది మాత్రం బతికింది. పిచ్చుక అంటే అద్దాలావిడ కూతురు. ఆ పిల్ల మెదడును తిన్న కణాలు ఇప్పుడు ఒక బల్లపరుపు సీసాలో, ఒంటి వేడిమి ఉండే బీరువాలో, తిండిగా పోసే ఎర్రటి నీళ్ళు తాగుతూ పెరుగుతున్నాయి.

మిగతా తల్లులు తమవాటిని బిడ్డల ముద్దుపేర్లతోనే పిలుచుకునేవారు. సీసాను రెండు చేతులా పట్టుకుని నిమిరేవారు. అద్దాలావిడ మొదటిసారి వెళ్ళిన రోజునే, "ఇది పిచ్చుక కాదు. పిచ్చుకను చంపింది. దీని పేరు ఖైదీ," అని తేల్చి చెప్పింది. అది మొదలు వారం తప్పకుండా వెళ్ళేది. ఈ వారం దాని మీద ఏ మందు పోశారు, ఎంత కాలింది, ఎంత చచ్చింది అని గుచ్చి గుచ్చి అడిగేది. బంధువులు జైలుకు వెళ్ళినట్టు కాదు. శిక్ష సక్రమంగా అమలవుతున్నదో లేదో చూసుకోవడానికి అధికారి వెళ్ళినట్టు.

ఆ ముచ్చటే నిన్న సమావేశంలో లేచి నిలబడి చెప్పింది.

"వాణ్ణేమీ అనకు అమ్మాయ్. నేనే చెప్పించాను."

అత్తగారు గోడ పట్టుకుని వచ్చి, విరిగిన ఫ్రేముల పెట్టె పక్కనున్న స్టూలు మీద కూర్చున్నది.

"ఆ సంగతి తెలుసు అత్తయ్యా," అన్నది అద్దాలావిడ. "ఆయనంతట ఆయనకు ఫోన్ చేసే ధైర్యం ఎక్కడిది?"

"విషం పోస్తారట. కాలిపోతుందిట. పొరలు పొరలుగా ఊడి వచ్చేస్తుందిట. నువ్వు నవ్వుతూ చెప్పావు."

"నేను నవ్వలేదు."

"నవ్వావు. నీకు తెలియలేదేమో." అత్తగారు కొంగుతో మూతి తుడుచుకున్నది. "అది పిల్ల ఒంట్లోదే కదే. దాని నెత్తురు తాగింది, దానితోపాటు నిద్రపోయింది. పిల్ల ఎలాగూ పోయింది. మిగిలిందల్లా ఆ పిసరు. దాన్ని కూడా హింసపెడుతుంటే నాకు అన్నమెలా దిగుతుంది? ఏడ్చి, మట్టిలో కలిపి, సాగనంపుకుందాం."

"దాన్ని కూడా అన్నారు. ఇంకెవర్ని హింసపెట్టారు అత్తయ్యా?"

అత్తగారు విరిగిన ఫ్రేముల పెట్టె వైపు చూపు తిప్పుకున్నది.

"నేను చెప్పనా? చేతిలో పట్టు తప్పి గ్లాసు పగిలితే, గోడవైపు తిప్పి నిలబెట్టారు. పొద్దున్నే వాంతి చేసుకుంటే, బడి ఎగ్గొట్టే వేషాలన్నారు. కాళ్ళు తడబడి గుమ్మంలో పడితే, నాటకాలరాణి అని పేరు పెట్టారు. అప్పుడు లేని జాలి ఇప్పుడెక్కడ దొరికింది మీకు? ఏ అంగట్లో?"

"నాకు తెలియదు కదే అమ్మాయ్..."

"చివరికి నోట మాట సరిగా రానప్పుడు అదేమడిగిందో తెలుసా? 'అమ్మా, నేను నిజంగానే నాటకమాడానా?' అని. తన ఒళ్ళు తనకు చెప్పింది నిజమో, నాయనమ్మ చెప్పింది నిజమో తెలియక వెళ్ళిపోయింది నా బిడ్డ."

"ఆ మాట నాకు చెప్పావు. రోజూ చెబుతూనే ఉన్నావు."

"మీకు వినబడినన్నాళ్ళూ చెబుతాను."

"చాలు!" భర్త అరిచాడు. దుకాణంలో ఫ్రేము ఎంచుకుంటున్న మనిషి ఎవరో దాన్ని బల్ల మీద పెట్టేసి, చడీచప్పుడు లేకుండా బయటికి జారుకున్నాడు. "అమ్మకు తెలియక అన్నది. మనం తెలిసినవాళ్ళం. పిల్లకు రెండేసిగా కనబడుతున్నాయంటే డాక్టరు చీటీ రాశాడు. ఆ అద్దం ఎవరు కోశారు? చెప్పు, ఎవరు కోశారు?"

కుళాయి కట్టలేదేమో, ఆగిన సానరాయి మీద నీళ్ళు ఇంకా పడుతూనే ఉన్నాయి.

ఒక అంచు మందంగా, ఒక అంచు పలచగా కోసిన అద్దం అది. దాన్ని కంటికి పెట్టుకుంటే విడిపోయిన రెండు బొమ్మలూ ఒకచోటికి వస్తాయి. అంత కుదురుగా అద్దాలావిడ మరెవరికీ కోయలేదు. పెట్టుకున్న మరుక్షణం, "అమ్మా, నువ్వు ఒక్కదానివే అయిపోయావు!" అని పిచ్చుక చప్పట్లు కొట్టింది. లోపల ఏదో జరుగుతోందని ఆ పిల్ల కళ్ళు చెబుతున్న కబురును, ఆ ఇంటి పనితనమే అణిచేసింది. ముందే తెలిసినా చేయగలిగిందేమీ లేదని తర్వాత డాక్టర్లందరూ అన్నారు. ఆ ఓదార్పును ఆమె అసహ్యించుకునేది. ఎవరి తప్పూ లేదంటే కక్ష ఎవరి మీద తీర్చుకోవాలి?

ఆమె కుళాయి కట్టేసింది. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి మేకుకు తగిలించింది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త. ఆయన గొంతులో ఇందాకటి వేడి లేదు. తానన్న మాటకు ఆయనే భయపడ్డాడు.

"నా ఖైదీ దగ్గరికి," అన్నది ఆమె. "మీరు వదిలేస్తామన్న హంతకుడి దగ్గరికి."

* * *

"ఎక్కు చెల్లెమ్మా. ఆ ట్రే వెనక్కి తోసెయ్. మాడిన రొట్టెలే, నలిగినా ఫరవాలేదు."

వీధి చివర బండి ఆపినవాడు రొట్టెలాయన. ఆ తల్లిదండ్రుల సంఘానికి పెద్ద. కొడుకును అదే జబ్బు తీసుకుపోయాక, బేకరీ పని సగం పెళ్ళానికి అప్పగించి, మిగతా సగం రోజు సంఘం పని మీద తిరుగుతూ ఉంటాడు. ఆయన ఎక్కడికి వెళ్ళినా వెనకాల వేడి రొట్టెల వాసన వస్తుంది.

"మీకెలా తెలిసింది అన్నయ్యా?"

"మీ ఆయన నాకూ ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడో తిడుతున్నాడో తెలియలేదు. రెండూ కలిపి చేస్తున్నట్టనిపించింది."

"ఆయన ఏ పనీ విడివిడిగా చేయలేరు."

రొట్టెలాయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. బండిని కూడలి దాటించాడు.

"మావాడిది ల్యాబ్‌లో నిలవలేదు కదా," అన్నాడు తర్వాత. "ఎన్ని పాట్లు పడ్డారో పాపం. చచ్చిపోయింది. అంతమంది డాక్టర్లకు చావనిది, సీసాలో పోస్తే చచ్చింది. నిన్ను చూస్తే ఒక్కోసారి అసూయగా ఉంటుంది."

"నన్ను చూసా?"

"నీకు కళ్ళెదురుగా శత్రువు ఉన్నాడు. నాకేముంది? పిండి ఉంది. పొద్దున్నే లేచి దాన్ని గుద్దుతాను. రొట్టెలు ఈమధ్య మహా మెత్తగా వస్తున్నాయంటున్నారు అందరూ."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. పళ్ళు బిగించి ఉన్నది.

"మీ అత్తగారితో రాజీపడు చెల్లెమ్మా."

"పడను."

"పెద్దావిడ. ఎన్నాళ్ళుంటుంది?"

"నా కూతురు ఎన్నాళ్ళున్నది?"

ల్యాబ్ మెట్ల ముందు బండి ఆపి, రొట్టెలాయన తాళం తీయకుండా కాసేపు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"నాకూ ఆ సీసా కావాలి," అన్నాడు. "మావాడిది పోయాక నేను మీదాన్నే నమ్ముకుని తిరుగుతున్నాను. అది పోతే నేనెందుకు తిరుగుతున్నానో నాకే తెలియదు. అందుకని చెబుతున్నాను, లోపల కాస్త నోరు అదుపులో పెట్టుకో."

* * *

ల్యాబ్ అమ్మాయి సీసాను ఇంకా ఏమీ చేయలేదు. బీరువాలోంచి తీసి, బల్ల మీద విడిగా పెట్టి, దాని ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నది. ముక్కు మీద అద్దాలావిడ కోసిచ్చిన కళ్ళజోడే.

"మీరొస్తారని తెలుసక్కా," అన్నది లేచి. "అందుకే ఆగాను. కానీ ల్యాబ్ మూసే వేళకు పని అయిపోవాలి. చలిపెట్టెలో దాచినవి కూడా తీసేయాలి. ఒక్కటి కూడా మిగలకూడదు. నియమం అది."

"తీయవద్దు. కన్నదాన్ని, నేను చెబుతున్నాను."

"మీరు చెబితే సరిపోదక్కా. వద్దన్నది సార్. ఆ మాట సారే వెనక్కి తీసుకోవాలి."

"ఎవరి మాటా లేకుండా దాన్ని బీరువాలో పెట్టెయ్. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను," అన్నది ల్యాబ్ అమ్మాయి నెమ్మదిగా. "ఇష్టం లేకుండా ఒక్కరిది ఉంచినా, రేపు ఇంకే తల్లీ మాకు ఇవ్వదు."

అద్దాలావిడ ఏదో అనబోయింది. వెనకనుంచి రొట్టెలాయన దగ్గాడు.

"ఇంకో సంగతి ఉందక్కా. మీకు ఇవాళే చెబుదామనుకున్నాను, ఇలా చెప్పాల్సి వస్తుందనుకోలేదు." ల్యాబ్ అమ్మాయి సీసాను వెలుతురుకేసి తిప్పింది. "కొత్త మందు పోసి చూశాం. మీది పెరగడం ఆపేసింది. కాలిపోవడం కాదు, మందు తీసేశాక కూడా పెరగలేదు. మా దగ్గరున్న వేరే ఏ పిల్లదీ అలా ఆగలేదు. ఎందుకాగిందో తెలిస్తే ఒక దారి దొరుకుతుంది. కానీ మళ్ళీ మళ్ళీ చేసి చూపిస్తే తప్ప ఎవరూ నమ్మరు. ఇది పోతే, చేసి చూపించడానికి ఏమీ ఉండదు."

రొట్టెలాయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. అద్దాలావిడ మాత్రం సీసావైపు చూసింది. ఆమె పెదవుల మీద ఏదో మెదిలింది. అత్తగారు చెప్పిన నవ్వు అదే కావచ్చు.

"లొంగింది," అన్నది.

అప్పుడు భర్తకు ఫోన్ చేసింది. అందరూ వినేలా బల్ల మీద పెట్టింది. ల్యాబ్ అమ్మాయి మొదట తాను చెప్పిందంతా మళ్ళీ ఆయనకు చెప్పింది.

"ఒక్క షరతు," అన్నాడు భర్త అంతా విని. "అమ్మను లోపలికి రానివ్వాలి. దాన్ని చూపించాలి. వేరే ఎవరో కాదు, నువ్వే చూపించాలి. చూశాక అమ్మ ఉంచమంటే ఉంచుదాం, వద్దంటే వద్దు."

ఇంట్లోవాళ్ళలో లోపలికి ఎవరు రావచ్చో మొదటిరోజున ల్యాబ్‌వాళ్ళు అడిగినప్పుడు, "మా అత్తగారు తప్ప ఎవరైనా," అని చెప్పింది అద్దాలావిడే. ఆ ముసలావిడ ఎన్నిసార్లు బతిమాలినా ఒప్పుకోలేదు. అదీ ఒక శిక్షే. చెప్పకుండా వేసిన శిక్ష.

"కుదరదు," అన్నది.

"చెల్లెమ్మా," అన్నాడు రొట్టెలాయన. "ఇద్దర్నీ ఒకేసారి బంధించి కూర్చోలేవు. ఎవర్నో ఒకర్ని వదలాలి. తొందరగా తేల్చు."

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"తీసుకురండి," అన్నది ఫోన్‌లోకి. చెప్పి, అవతల మాట వినకుండా పెట్టేసింది.

* * *

అత్తగారికి తొడిగిన తెల్లకోటు మోకాళ్ళ కిందికి దిగింది. చేతులు లోపలే ఉండిపోయాయి. కాళ్ళకు వేసిన నీలం సంచులను ఆవిడ వంగి చూసుకున్నది.

"ఈ వయసులో నన్ను డాక్టర్ని చేశారా ఏమిటి?" అన్నది. ఎవరూ నవ్వలేదు. ఆవిడే ఒకసారి నవ్వి ఊరుకున్నది.

ల్యాబ్ అమ్మాయి సీసాను మైక్రోస్కోపు కింద అమర్చి పక్కకు తప్పుకున్నది. భర్త గోడ దగ్గరే నిలబడ్డాడు. అద్దాలావిడ అత్తగారి భుజం పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. పిచ్చుక పోయాక ఆవిడను తాకడం అదే మొదలు. భుజం ఎముకలా ఉన్నది.

"కళ్ళజోడు తీసేయండి. దీనికి అడ్డం."

"తీస్తే నాకేమీ ఆనదే."

"ఆనేలా నేను తిప్పుతాను."

ఆవిడ కళ్ళ సంగతి ఆమెకు కంఠతా వచ్చు. ఎడమ కంటికి ఎంత బలం కావాలో, కుడికంటికి ఎంత చాలునో అరగదీసి తెలుసుకున్న చేతులవి. కొంచెం కొంచెంగా మర తిప్పింది. అత్తగారు ఊపిరి బిగబట్టి చూస్తున్నది.

"మబ్బులున్నాయి."

"ఆగండి."

"ఇప్పుడు... ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. మధ్యలో దారాలేవో."

"అదే."

"ఇదా?"

"అదే అత్తయ్యా."

"ఇంతేనా?"

"అంతే. అంత చాలింది."

అత్తగారు చాలాసేపు కన్ను తీయలేదు. పక్కగదిలో ఎవరో గాజుసామాను కడుగుతున్నారు. ఆ చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది.

"ఇది పిచ్చుక కాదు," అన్నది ముసలావిడ.

తన మాటే అత్తగారి నోటివెంట వచ్చింది. గెలుపే అది. ఆ గెలుపు రుచి చూద్దామని అద్దాలావిడ ఒక్కక్షణం ఆగింది. ఈలోగా అత్తగారు తలెత్తి, ల్యాబ్ అమ్మాయి ఎటువైపు ఉన్నదో సరిగా కనబడక, గొంతు వినబడిన దిక్కుకు తిరిగి అడిగింది.

"అమ్మాయ్, దీనికి నొప్పి తెలుస్తుందా?"

ల్యాబ్ అమ్మాయి అద్దాలావిడ వైపు చూసింది, చూపు దించుకున్నది.

"లేదు మామ్మగారూ. నొప్పి తెలియాలంటే ఒక మనిషి ఉండాలి కదా. ఇవి వట్టి కణాలు. మందు పోసినా వీటికి తెలియదు, పోయకపోయినా తెలియదు."

ఎంత కాలింది అని అడిగింది అద్దాలావిడ. ఎంత చచ్చింది అని అడిగింది. ఎన్ని వారాలు వచ్చినా ఈ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. అడగకుండా ఎంత జాగ్రత్తపడిందో ఇప్పుడు తెలిసింది. ఖైదీకి తాను చేసిన నేరం తెలియదు. పడిన శిక్ష తెలియదు. తనను చూడడానికి ఒక తల్లి పనిగట్టుకుని వచ్చి, ఎదుట నిలబడి, పళ్ళు నూరుతున్నదనీ తెలియదు. ఇన్నాళ్ళూ ఆమె కొరడా ఝళిపించింది గాలి మీద.

"విన్నావా?" అన్నది అత్తగారు.

"విన్నాను."

"దానికి తెలియదుట." ముసలావిడ కోటు చేతుల్లోంచి వేళ్ళు బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నది. "నాకు తెలుస్తుంది అమ్మాయ్. ఎవరో ఒకరు నొప్పి పడుతుంటే తప్ప నీకు ఊపిరాడదు. నాకర్థమైంది. తప్పు పట్టను. పిల్లను అన్నది నేను, నిలబెట్టింది నేను. ఇంట్లో నేనుండగా ఇంతదూరం రావడమెందుకు నువ్వు? దీన్ని వీళ్ళకు వదిలెయ్. కోపంతో పనిలేకుండా వీళ్ళే దీని సంగతి చూస్తారు. నీ కసి నా మీద తీర్చుకో. పోయేదాకా నీ ఎదుటే ఉంటాను. ఎక్కడికీ వెళ్ళను, ఎవరికీ చెప్పుకోను."

"సరే," అన్నది అద్దాలావిడ.

ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు. రొట్టెలాయన ముఖం తిప్పుకున్నాడు.

అత్తగారు తల ఊపింది. బేరం కుదిరినట్టు, తేలిక పడ్డట్టు ఊపింది. "ఉంచమని చెప్పరా నాన్నా," అన్నది కొడుకుతో.

భర్త గోడ దగ్గరనుంచి కదలలేదు.

"చెప్పను."

"ఏరా?"

"చెప్పనమ్మా." ఆయన గొంతు ఎత్తలేదు. ఎత్తని గొంతు ఇంకా భయంగా ఉన్నది. "దీన్ని తీసేయమన్నది దీని మీద జాలితో అనుకున్నావా? ఇది ఉన్నన్నాళ్ళూ మన ఇల్లు జైలులా ఉంటుందని. ఇప్పుడు నువ్వే వెళ్ళి లోపల కూర్చుంటానంటున్నావు. తను సరే అంటోంది. నేనేం చేయాలి? బయట తాళం వేసి, దుకాణం తెరుచుకుని, వచ్చినవాళ్ళకు ఫ్రేములు చూపించాలా?"

"నాయనా, ఆ మందు..." అంటూ లేచాడు రొట్టెలాయన. "ఇంకా జబ్బు పడని పిల్లలున్నారు. వాళ్ళేం చేశారు?"

"మా పిల్ల ఏం చేసింది?" అన్నాడు భర్త. భార్య మాటతీరే ఆయన నోట వినబడేసరికి రొట్టెలాయన తిరిగి కూర్చున్నాడు. "ఆ సరే అన్నమాట వెనక్కి తీసుకోమనండి. తను తీసుకుంటే నేనూ నా వద్దన్నమాట తీసుకుంటాను. లేకపోతే తీసేయండమ్మా. ఇప్పుడే. నా ఎదురుగా."

ల్యాబ్ అమ్మాయి మైక్రోస్కోపు కిందనుంచి సీసా తీసింది. లోపలి ఎర్రనీళ్ళు ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ సర్దుకున్నాయి. నడవాలో ఒక్కొక్క గది దీపమూ ఆర్పుకుంటూ ఎవరో ఇటే వస్తున్నారు.

"అక్కా," అన్నది ఆ పిల్ల, సీసా గుండెలకు ఆనించుకుని. "ఏదో ఒకటి చెప్పండి."

అందరూ ఆమెకేసే చూస్తున్నారు. అత్తగారు మాత్రం చూడలేక, మసకబారిన కళ్ళతో ఆమె ఉన్నదనుకున్న చోటును వెతుకుతున్నది.

అద్దాలావిడ బల్ల మీదనుంచి ఆవిడ కళ్ళజోడు తీసింది. అలవాటు చొప్పున కొంగుతో రెండు అద్దాలూ తుడిచింది. తుడిచి, ఆవిడ చేతిలో పెట్టింది.

"పెట్టుకోండి అత్తయ్యా," అన్నది. "ఆ సరే అన్నమాట గురించి ఇప్పుడు నేను చెప్పబోయేది మీరు నా ముఖం చూస్తూ వినాలి."